సముద్రం లేని ఊరివాళ్ళకు సముద్రం పుస్తకాలు: ఏవి చదవాలి?

కడప_మందులషాపు (కడప) | శనివారం, రాత్రి 10:15

అందరికీ నమస్తే. మా పాప ఐదో తరగతి. బంధువులు ఇచ్చిన ఒక బొమ్మల పుస్తకంలో ఆంగ్లర్ చేపను చూసింది, తల మీద బల్బు కట్టుకుని చీకట్లో తిరిగే చేప. ఆ రోజు నుంచి మా ఇంట్లో సముద్రం తప్ప వేరే మాట లేదు. షాపులో గిరాకీ ఉన్నప్పుడు ఫోన్ చేసి, "నాన్నా, ఆక్టోపస్‌కు మూడు గుండెలంట, ఒక గుండెకు బాగలేకపోతే ఏ మాత్ర ఇస్తావు?" అని అడుగుతుంది. పక్కన బీపీ మాత్రలకు వచ్చిన పెద్దాయన నవ్వుకుంటూ నిలబడ్డాడు.

మా ఇంట్లో సముద్రం చూసినవాళ్ళం ఇద్దరమే. మా అమ్మ రామేశ్వరంలో మునక వేసి వచ్చింది. నేను పెళ్ళి బస్సులో పోయి మైపాడు బీచ్ చూశాను, అదీ రాత్రి పదకొండుకు. చప్పుడు వినడమే గానీ చూసిందేమీ లేదు. ఇక నాకు తెలిసిన సముద్రమంతా షాపులో అమ్మే కాడ్‌లివర్ ఆయిల్ డబ్బా మీదిదే.

పాపతో పాటు నేనూ చదవాలని ఉంది. తెలుగైనా సరే, సులువైన ఇంగ్లీషైనా సరే. బొమ్మలు మాత్రమే ఉండేవి వద్దు, అవి రెండు రోజుల్లో అయిపోతున్నాయి. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో ఒకచోట తెప్పిస్తే జిరాక్స్ కాపీ వచ్చింది. 112వ పేజీ తర్వాత 145. తిమింగలం లోపలికి మునగడం చదివాం, పైకి ఎప్పుడు తేలిందో తెలీదు.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు) | శనివారం, రాత్రి 10:32

కడపలో సముద్రమా అన్నా! మాకు తుంగభద్రలో నీళ్ళు కనపడితే అదే సముద్రం. 2009 అక్టోబరులో అది ఇంట్లోకే వచ్చింది, పుస్తకాలతో సహా తీసుకుపోయింది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) | శనివారం, రాత్రి 11:05

మొదట కథతో పట్టించండి. జూల్స్ వెర్న్ రాసిన "ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ". 1870లో పుస్తకంగా పూర్తయింది. పిల్లల కోసం కుదించినవి దొరుకుతాయి, మీరు మాత్రం పూర్తి ప్రతి చదవండి.

పేరు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఇరవై వేల లీగులు లోతు కాదు, నీటి అడుగున చేసిన ప్రయాణం దూరం. లీగు అంటే ఆయన లెక్కలో దాదాపు 4 కిలోమీటర్లు, అంటే మొత్తం 80 వేల కిలోమీటర్లు. భూమిని రెండుసార్లు చుట్టి రావచ్చు. అదే లోతైతే కథలోని జలాంతర్గామి నాటిలస్ భూమిని చీల్చుకుని అవతల ఆకాశంలో తేలాలి.

మనవాళ్ళకు ఇంకో సరదా సంగతి. ఆ జలాంతర్గామిని నడిపే కెప్టెన్ నెమో ఎవరో ఈ పుస్తకంలో చెప్పడు. తర్వాత రాసిన "ద మిస్టీరియస్ ఐలాండ్"లో బయటపెడతాడు. ఆయన మనవాడే, బుందేల్‌ఖండ్ యువరాజు డక్కర్. 1857లో కంపెనీ మీద తిరగబడి, అంతా పోగొట్టుకుని సముద్రంలోకి దిగిపోయినవాడు. వెర్న్ ఆయన్ని టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడిని చేశాడు. హైదర్, టిప్పుల ఏలుబడిలో మన గుత్తి, కడప కూడా కొన్నాళ్ళు ఉన్నాయి కదా. ఆ లెక్కన నెమో మేనమామ ఒకప్పుడు మన దగ్గర శిస్తు వసూలు చేసినవాడే.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు) | శనివారం, రాత్రి 11:09

1799లో పోయిన టిప్పుకు 1857లో తుపాకి పట్టే వయసున్న మేనల్లుడా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) | శనివారం, రాత్రి 11:20

నవలప్పా అది. జలాంతర్గామిలో పైపు ఆర్గాన్ వాయిస్తుంటే ఒప్పుకున్నావు, మేనల్లుడి వయసు దగ్గర ఆగిపోయావా?

నిఘంటువు_పిచ్చి (కడప) | ఆదివారం, ఉదయం 6:40

తెలుగులో చదవాలంటే మొదట వచ్చే చిక్కు పేర్లు. పాత నిఘంటువు తెరిచి చేప పేరు వెతకండి. "మత్స్యవిశేషము" అని ఉంటుంది. ఇంకో పేరు వెతకండి, అదీ మత్స్యవిశేషమే. ఏ విశేషమో చెప్పరు. నిఘంటువు రాసిన పండితుడు ఒడ్డుకు పోయి ఒక జాలరిని అడిగి ఉంటే సరిపోయేది.

పేర్లు లేక కాదు. ఒడ్డున ఉండేవాళ్ళకు ప్రతి చేపకూ పేరుంది: వంజరం, చందువ, కానాగంత, కవళ్ళు, నెత్తళ్ళు, సొర, టేకు. మన సీమలో అన్నిటికీ కలిపి "చాప" ఒకటే మాట, మహా అయితే "ఎండు చాప". అందుకే అనువాదంలో "మాకెరెల్" అని ఉన్నా, "కానాగంత" అని ఉన్నా మనకు ఒకటే, ఏదీ కంటికి కనపడదు. నేనేం చేస్తానంటే చదివేటప్పుడు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటాను. ఇంగ్లీషు పేరు, ఒడ్డువాళ్ళ పేరు, అది ఎంత పొడవు, ఏం తింటుంది. ఇప్పటికి 140 దాకా అయ్యాయి.

మీ పాపకు ఒక మాట చెప్పండి, సంతోషిస్తుంది. తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. మనవాళ్ళు అక్కడితో ఆగలేదు, దాన్నీ మింగేదానికి తిమింగిలగిలం అని పేరు పెట్టారు.

కడప_మందులషాపు (కడప) | ఆదివారం, ఉదయం 7:15

చెప్పాను సార్. "తిమింగిలగిలాన్ని మింగేది?" అని అడిగింది. టిఫిన్ చేస్తున్నాం, తర్వాత చూద్దామని తప్పించుకున్నాను. ఆటు, పోటు అంటారు కదా, అందులో నీళ్ళు పైకి వచ్చేది ఏది?

నిఘంటువు_పిచ్చి (కడప) | ఆదివారం, ఉదయం 7:22

పోటు వస్తే పైకి. ఆటు అంటే వెనక్కి తగ్గడం.

పెన్న_ఒడ్డు (తాడిపత్రి, అనంతపురం జిల్లా) | ఆదివారం, మధ్యాహ్నం 2:10

నేను పుస్తకాలు పెద్దగా చదివినవాణ్ణి కాదు. డిగ్రీ అయినాక సేద్యంలోకి దిగాను. సముద్రం గురించి చదవడం మొదలుపెట్టింది శెనక్కాయ పంట వల్ల. ప్రతి ఏడూ జూన్ రాకముందే పేపర్లో "ఎల్ నినో" అని రాస్తారు. అది ఏందో, దానికీ మా చేనుకూ ఏం సంబంధమో తెలుసుకుందామని పట్టుకున్నాను.

పసిఫిక్ సముద్రంలో మధ్యన, తూర్పు పక్కన నీళ్ళు మామూలుకన్నా వేడెక్కడమే ఎల్ నినో. ఆ పేరు పెట్టింది పెరూ దేశపు చేపలోళ్ళు. క్రిస్మస్ ముందర వెచ్చటి నీళ్ళు వచ్చి చేపలు పోతాయి కాబట్టి బాలయేసు పేరు పెట్టినారు. 1972లో అది వచ్చినప్పుడు పెరూలో నెత్తళ్ళు పడక ఆ వ్యాపారమే కూలిపోయింది. అదే ఏడు మన దేశంలో కరువు. ఇక్కడ వాన రాని మబ్బుకూ అక్కడ చేప పడని వలకూ మూలం ఒకటే అని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అట్లని ఎల్ నినో వస్తే కరువు ఖాయమని కాదు. 1997లో చాలా గట్టిగా వచ్చింది, దేశంలో వానలు మాత్రం సరిగానే పడినాయి.

మన పెద్దోళ్ళు చెప్పే ధాత కరువు, 1876 నుంచి 78 దాకా, అప్పుడు కూడా పసిఫిక్ అట్లే వేడెక్కి ఉండింది. దాని మీద మైక్ డేవిస్ అనే ఆయన 2001లో "లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్" అని రాసినాడు. ఇంగ్లీషు కష్టం, నేను ఆరు నెలలు తీసుకున్నా. వాన పడకపోవడం ఒకటైతే, జనం చావడానికి కంపెనీ తర్వాత వచ్చిన దొరల లెక్కలు ఎట్ల కారణమయినాయో దాంట్లో ఉంది. అది పిల్లలకు చెప్పే పుస్తకం కాదు. మీరు చదవండి.

పాపకు లోతు చెప్పాలంటే నా కొలత వాడండి. మా చేన్లో పోయిన ఏడు 1,000 అడుగులు బోరు వేయించినాను. రిగ్గు తెల్లవార్లూ తిరిగింది, దుమ్ము తప్ప చెమ్మ రాలేదు. 1,000 అడుగులు అంటే ఎంత డబ్బో, ఎంత లోతో నాకు బాగా తెలుసు. సముద్రం సగటు లోతు 12 బోర్లు, ఒకదాని కింద ఒకటి. అన్నిటికన్నా లోతైన తావు, పసిఫిక్‌లో మరియానా దగ్గర, దాదాపు 36 బోర్లు. అన్ని బోర్లూ నీళ్ళే.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు) | ఆదివారం, మధ్యాహ్నం 2:31

ఉప్పునీళ్ళు అన్నా. అక్కడ కూడా మన అదృష్టం అంతే.

నాపరాయి (కడప) | ఆదివారం, సాయంత్రం 5:50

నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను. సముద్రం లేని ఊరు అని పెట్టారు కదా శీర్షిక, దానికి నా అభ్యంతరం. మీరు ఇప్పుడు కూర్చున్న గది నేల చూడండి. టైల్స్ అయితే వంటగదికి పోండి, గట్టు మీద నల్ల కడప బండ ఉంటుంది. లేదంటే వాకిట్లో నాపరాళ్ళు ఉంటాయి. అదంతా సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద.

కడప బేసిన్ అని భూగర్భశాస్త్రం పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. ఇక్కడ ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం ఉండేది. ఒకసారి కాదు, వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. బేతంచెర్ల, తాడిపత్రి బండలు, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలున్న సున్నపురాయి, అన్నీ ఆ నీళ్ళ మిగులే. పాత పొరలు వేంపల్లె వైపు ఉన్నాయి, దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ డోలమైట్ రాళ్ళలో ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. కంటికి కనపడని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగురు చాపలా పరుచుకుని, పైన పడిన మట్టిని పట్టుకుని, దాని మీదికి మళ్ళీ ఎదిగి, అలా కట్టిన గుట్టలు. గాలిలోకి ఆక్సిజన్ మొదట ఎక్కించింది వాటి జాతివాళ్ళే. ఇవాళ బతికున్నవి చూడాలంటే ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే అనే చోటికి పోవాలి. చచ్చినవి చూడాలంటే వేంపల్లె బస్సు ఎక్కితే చాలు.

నేను పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఒక పనే చేయించేవాణ్ణి. రాయి మీద సీసాతో కొంచెం నీళ్ళు పోయమనేవాణ్ణి. ఎండిన రాయి బూడిద రంగు మొద్దులా ఉంటుంది. తడవగానే గీతలన్నీ ఒక్కసారి తేలి వస్తాయి, వేలి ముద్రలాగా. ఆరేలోపు ఎన్ని పొరలో లెక్కపెట్టాలి. మే నెలలో అయితే అర నిమిషం కూడా దొరకదు.

అలసందవడ (కడప) | ఆదివారం, సాయంత్రం 6:30

సార్, మా వాకిట్లో ఒక నాపబండ మీద చెట్టు కొమ్మ అచ్చు ఉంది. సన్నటి ఆకులతో సహా, నల్లగా. అది సముద్రపు మొక్కా? మా అత్తమ్మ దాని మీద కాలు పెట్టనివ్వదు.

నాపరాయి (కడప) | ఆదివారం, సాయంత్రం 6:52

నిరాశ పరుస్తున్నందుకు క్షమించాలమ్మా. అది మొక్క కాదు. రాతి పగుళ్ళలోకి నీళ్ళు ఇంకినప్పుడు మాంగనీసు, ఇనుము అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. డెండ్రైట్ అంటారు. ఆ రాయి ఏర్పడినప్పటికి భూమ్మీద ఆకులున్న మొక్కే లేదు, చేపా లేదు, గవ్వా లేదు. అత్తమ్మగారికి ఈ సంగతి చెప్పాల్సిన పని లేదు. బండ అరగకుండా ఉంటుంది.

అలసందవడ (కడప) | ఆదివారం, రాత్రి 9:10

చెప్పను సార్ :)

నేను ఇంగ్లీషు టీచర్‌ని. షాపు అన్నకు నా సలహా రేచెల్ కార్సన్. "ద సీ అరౌండ్ అస్", 1951లో వచ్చింది. వచ్చిన కొత్తలో అమెరికాలో 86 వారాలు ఎక్కువ అమ్ముడయ్యే పుస్తకాల జాబితాలో ఉంది. తర్వాత పురుగుమందుల మీద "సైలెంట్ స్ప్రింగ్" రాసిన ఆవిడే. పేరు అందరికీ తెలిసింది దానితోనే, కానీ ఆమె మనసు పెట్టింది సముద్రం మీద.

నాకు ఆవిడ నచ్చడానికి కారణం వేరే. ఆమె పుట్టిన ఊరు పెన్సిల్వేనియాలో స్ప్రింగ్‌డేల్, సముద్రానికి చాలా దూరం. చిన్నప్పుడంతా సముద్రం గురించి చదవడమే. కాలేజీ అయిపోయాక, 1929లో, 22 ఏళ్ళ వయసులో, వుడ్స్ హోల్ అనే చోట మొదటిసారి సముద్రాన్ని చూసింది. అంటే మీ పాపకు ఇంకా పన్నెండేళ్ళ టైముంది, టెన్షన్ పడకండి.

ఇంగ్లీషు కష్టంగా ఉండదు, వాక్యాలు పొడవుగా ఉంటాయి అంతే. గట్టిగా పైకి చదవండి. నేను నైన్త్ క్లాసు పిల్లలకు ఒక పేజీ చదివాను. పై నీళ్ళలో చచ్చిన సూక్ష్మజీవుల పెంకులు, దుమ్ము, అన్నీ మంచులాగా రాత్రీ పగలూ కిందికి రాలుతూనే ఉంటాయని, అడుగున పొరలుగా పేరుకుంటాయని ఉన్న చోటు. మామూలుగా చివరి పీరియడ్‌లో నిద్రపోయే ఒక పిల్లాడు లేచి, "మేడం, మా ఇంటి పక్కన సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, మా మిద్దె మీద కూడా అట్లే పడుతుంది" అన్నాడు. అర్థమైందని నాకు అంతకన్నా రుజువు అక్కర్లేదు.

నాపరాయి (కడప) | సోమవారం, ఉదయం 8:05

మేడం, పుస్తకం గొప్పదే. కానీ పదేళ్ళ పిల్లకు మొదటి పుస్తకంగా ఇవ్వకండి. అందులో సైన్సు పాతబడింది. చంద్రుడు పసిఫిక్ నుంచి ఊడిపోయిన ముక్క అనే పాత ఊహను ఆవిడ మొదటి అధ్యాయంలోనే చెప్తుంది. ఖండాలు కదులుతాయని, సముద్రం మధ్య పగుళ్ళలో కొత్త నేల పుడుతుందని అప్పటికి ఒప్పుకున్నవాళ్ళు బాగా తక్కువ. 1977లో గాలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి బుగ్గలు దొరికాయి, ఎండ పొడ లేకుండా బతికే జీవాలు వాటి చుట్టూ కనిపించాయి. అదేదీ అందులో ఉండదు. తప్పు నేర్చుకుని మళ్ళీ మరిచిపోవడం కష్టం, 34 ఏళ్ళు పాఠం చెప్పినవాడిగా అంటున్నాను.

అలసందవడ (కడప) | సోమవారం, సాయంత్రం 4:45

అలాగైతే జూల్స్ వెర్న్‌ని కూడా పక్కన పెట్టాలి కదా సార్. "మోబీ డిక్"లో, 1851 పుస్తకం, కథ చెప్పేవాడు తిమింగలం చేపే అని తేల్చేస్తాడు. పిల్లలు తప్పులు కనిపెట్టడం కోసమైనా చదువుతారు. చంద్రుడి సంగతి మీరు చెప్పారు కాబట్టి నేను రేపే క్లాసులో ఆ పేజీ చదివి, ఇందులో తప్పేంటో పట్టుకోండి అంటాను.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) | సోమవారం, సాయంత్రం 5:20

మోబీ డిక్ నేను మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఆ చేప అధ్యాయం దగ్గరే, 32వది, దిగిపోయాను. నాలుగోసారి దాన్ని వదిలేసి ముందుకు పోయాను, పుస్తకం అయిపోయింది. ఎవరైనా వదిలేయడం తప్పంటే పడతాను.

నాపరాయి (కడప) | సోమవారం, రాత్రి 7:30

మేడం చెప్పిన పద్ధతికి ఒప్పుకుంటున్నాను, టీచరు పక్కన ఉంటే. పిల్ల ఒక్కతే చదువుకునేదైతే నా మాట నాదే.

అన్నట్టు మేరీ థార్ప్ పేరు కూడా పాపకు చెప్పండి. అమెరికాలో పటాలు గీసే ఆవిడ. ఆ రోజుల్లో ఆడవాళ్ళను పరిశోధన ఓడలెక్కనిచ్చేవాళ్ళు కాదు. మగవాళ్ళు ఓడల్లో పోయి లోతు కొలతలు తెస్తే, ఈవిడ బల్ల దగ్గర కూర్చుని ఆ అంకెలతో సముద్రపు అడుగు గీసింది. అట్లాంటిక్ నడిమధ్యన కొండల వరస, దాని నడినెత్తిన లోయ తేలింది. ఆడపిల్ల మాటలని మొదట కొట్టిపారేశారు. ఆ లోయ నిజమే.

డెక్కుమీద (ప్రొద్దుటూరు, ప్రస్తుతం ఓడలో) | మంగళవారం, ఉదయం 3:12

సిగ్నల్ ఉన్నప్పుడు చదివాను, అందరూ బాగా రాశారు. నేను తొమ్మిదేళ్ళుగా కార్గో ఓడల్లో చేస్తున్నాను. నిజం చెప్పనా, సముద్రం గురించి నాకు మీ అంత తెలీదు. ఓడ మీద నుంచి కనిపించేది పైన ఒక చర్మం మాత్రమే. ఇరవై రోజులు అదే నీలం. మా క్యాబిన్లలో సముద్రం పుస్తకం ఎవరూ చదవరు, యండమూరి, సర్దార్ జీ జోకులు, ఫోన్లో సినిమాలు.

చూసిన రెండు చెప్తాను, పాపకు చెప్పండి. ఒకటి, ఎగిరే చేపలు. రాత్రి లైట్లకు డెక్కు మీద పడతాయి. పొద్దున డ్యూటీకి పోతే రెయిలింగ్ వార ఐదారు ఉంటాయి. జానెడు పొడవు, వీపు ముదురు నీలం, కడుపు వెండి. రెక్కలను వేలితో విప్పితే తూనీగ రెక్కలాగా అవతలి వేలు కనిపిస్తుంది. ఎండెక్కేలోపు తీయకపోతే ఇనుము మీద అంటుకుపోతాయి, గీకాలి. మా కుక్ కేరళాయన, బాగున్నవి ఏరుకుని వేపేస్తాడు. ముళ్ళెక్కువ.

రెండోది అరేబియా సముద్రంలో. చీకటి రాత్రి ఓడ వెనకాల నురగ ఆకుపచ్చగా వెలుగుతుంది. నీళ్ళలో ఉండే నలకంత జీవాలు, కదిలిస్తే మెరుస్తాయట. "నాక్టిలూకా" అని మా సెకండ్ ఆఫీసర్ చెప్పాడు. నేను మొదటిసారి చూసి ఇంజను నుంచి ఏదో లీకవుతుందని ఫోన్ చేసి తిట్లు తిన్నాను.

ఇంకోటి, మన మంగంపేట ముగ్గురాయి పొడి సంచులు ఒకసారి మా ఓడలోనే ఎక్కాయి. సముద్రంలో నూనె బావులు తవ్వేటప్పుడు, లోపలి ఒత్తిడికి బావి పైకి తన్నకుండా, బరువు కోసం బురదలో కలుపుతారు. సంచి మీద ఊరి పేరు చూసి కాసేపు అక్కడే కూచున్నాను.

పెన్న_ఒడ్డు (తాడిపత్రి, అనంతపురం జిల్లా) | మంగళవారం, ఉదయం 6:02

సముద్రంలో కూడా బోర్లేనా తమ్ముడూ. జాగ్రత్తగా ఉండు.

శుభం_ట్రేడర్స్ | మంగళవారం, ఉదయం 11:00

అసలైన దక్షిణావర్త శంఖాలు, సముద్రం నుంచి నేరుగా మీ ఇంటికి. ఇంట్లో ఉంటే ధనలాభం. ఇన్‌బాక్స్ చేయండి.

నిఘంటువు_పిచ్చి (కడప) | మంగళవారం, ఉదయం 11:25

అడిగారు కాబట్టి చెప్తున్నాను, అడగకపోయినా చెప్పేవాణ్ణి. మన శంఖం మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి వైపు దొరికే ఒక నత్త గుల్ల. దాదాపు అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. దానికి ఎదురువైపు తిరిగేది, అంటే దక్షిణావర్తం, ఎప్పుడో ఒకటి పుడుతుంది కాబట్టే దానికి ఆ విలువ. బజారులో అమ్మే దక్షిణావర్తాల్లో చాలావరకు అమెరికా తీరపు వేరే నత్తవి. దాని జాతే ఆ ఎదురువైపు తిరుగుతుంది, వేలల్లో దొరుకుతుంది. మా బావ 11 వేలు పెట్టి కొన్నాడు. ఇప్పుడు అందులో పెన్నులు పెట్టుకుంటున్నాడు.

పర్యవేక్షణ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

వ్యాపార ప్రకటనలు ఇక్కడ వద్దు. పోస్టు తీసేద్దామనుకున్నాం గానీ కింద జవాబు బాగుందని ఉంచుతున్నాం. ఇన్‌బాక్స్ చేయకండి.

అలసందవడ (కడప) | బుధవారం, రాత్రి 9:40

ఆక్టోపస్ గుండెల గురించి పాప అడిగింది కదా, ఆ దారిలో రెండు పుస్తకాలు ఉన్నాయి. సై మాంట్‌గోమరీ "ద సోల్ ఆఫ్ యాన్ ఆక్టోపస్", 2015. బోస్టన్ అక్వేరియంలో తొట్టెలో చెయ్యి పెట్టి ఆక్టోపస్‌లతో స్నేహం చేసిన కథ. వాటిలో ఒకదాని పేరు కాళి! ఎనిమిది చేతులకు ఆ పేరు సరిపోయింది. రెండోది పీటర్ గాడ్‌ఫ్రే స్మిత్ "అదర్ మైండ్స్", 2016. ఆయన తత్వశాస్త్రం ప్రొఫెసర్, నీళ్ళలోకి దిగి చూసి రాశాడు. అది మీకు.

మూడు గుండెలు నిజమే. రెండు మొప్పలకు, ఒకటి ఒంటికి. రక్తం నీలం, మనకు ఇనుము ఉన్నచోట దానికి రాగి. నరాల కణాల్లో ఎక్కువ భాగం తలలో కాదు, చేతుల్లో ఉంటాయి. ఇంత తెలివికి ఆయుష్షు చాలా రకాలకు ఒకటి రెండేళ్ళే. ఆ మాట దగ్గర నేను పుస్తకం మూసి వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే గిన్నెలు సర్దాను. పాపకు చెప్పాలా వద్దా మీరే చూసుకోండి.

కడప_మందులషాపు (కడప) | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 3:30

అందరికీ చాలా థ్యాంక్స్. వారంలో ఏం జరిగిందో చెప్తాను.

కార్సన్ పుస్తకం ఒక కస్టమర్ దగ్గర దొరికింది. రోజూ రాత్రి షాపు మూశాక రెండు పేజీలు, పైకి చదువుతున్నాం. చంద్రుడి పేజీ వచ్చినప్పుడు "ఇది తప్పు, నాపరాయి తాత చెప్పాడు" అని పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టింది. పుస్తకం మనది కాదని తర్వాత చెప్పాను, రబ్బరుతో తుడిచింది.

పెన్న ఒడ్డు అన్న బోర్ల లెక్క చెప్పగానే దానికి గీయాలనిపించింది. షాపులో బిల్లు మిషన్ రోల్స్ ఉంటాయి కదా, ఒకటి అడిగింది. 10 మీటర్లకు ఒక సెంటీమీటరు లెక్క. వీధి గుమ్మం గడప దగ్గర సున్నా పెట్టి లోపలికి పరుచుకుంటూ పోయాం. చెట్టూ చేమా బతికేంత వెలుతురు 200 మీటర్ల వరకే, అంటే 20 సెంటీమీటర్లు. మా గడప వెడల్పు దాటగానే అయిపోయింది. అన్న వేసిన ఎండిన బోరు 30 సెంటీమీటర్ల దగ్గర. 1,000 మీటర్ల తర్వాత పూర్తి చీకటి, అది చెప్పులు విడిచే చోటు. హాల్లో సోఫా దాటాక, 3 మీటర్ల 70 దగ్గర సముద్రం సగటు లోతు, ఆ పక్కనే టైటానిక్. మనవాళ్ళు ముగ్గురు మనుషులు దిగడానికి కడుతున్న మత్స్య 6000 జలాంతర్గామి వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. ఆంగ్లర్ చేపను మాత్రం ఎక్కడ పెట్టాలో తేలక చెప్పుల దగ్గర రెండు, సోఫా కింద ఒకటి వేసింది. మరియానా కోసం పెరటి తలుపు తీసి తులసికోట దాకా పోవాల్సి వచ్చింది, 10 మీటర్ల 90. నీలి తిమింగలం 30 మీటర్లు కదా, ఈ లెక్కలో 3 సెంటీమీటర్లు. వేలి కణుపంత గీసి, "ఇదేనా అంత పెద్దది?" అని చాలాసేపు అక్కడే కూచుంది.

పొద్దున మా అమ్మ చూడకుండా పెరట్లో నీళ్ళు చల్లింది. 9 వేల మీటర్ల నుంచి కింద అంతా నానిపోయింది.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు) | ఆదివారం, మధ్యాహ్నం 3:41

సముద్రం తడిసిపోయిందా అన్నా!

నాపరాయి (కడప) | ఆదివారం, సాయంత్రం 4:15

మరియానా అడుగుకు మనుషులు మొదట దిగింది 1960 జనవరి 23న, జాక్ పికార్డ్, డాన్ వాల్ష్. అతికించేటప్పుడు ఆ తేదీ కూడా రాయించండి. వచ్చే ఆదివారం వేంపల్లె పోదామా? నీళ్ళ సీసా పాపనే తెచ్చుకోమనండి.

డెక్కుమీద (ప్రొద్దుటూరు, ప్రస్తుతం ఓడలో) | సోమవారం, ఉదయం 2:50

వచ్చే నెల సైన్ ఆఫ్ అయి ఓడ దిగుతాను. ఎగిరే చేప రెక్క ఒకటి నోటుబుక్కులో ఎండబెట్టి పెట్టాను, వాసన ఇంకా పోలేదు. ప్రొద్దుటూరు రాగానే ఆర్టీసీ కార్గోలో వేస్తాను, కడప బస్టాండులో తీసుకోండి. డబ్బా అమ్మగారి ముందు తెరవకండి.